గంజికుండలో ఉడికిన మందారాకు

మా సైన్సు సారు పోయారు. జైనూర్ బడిలో నేను పాఠం చెప్తుండగా మా తమ్ముడు బస్సు దిగి తిన్నగా వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "అక్కా, సారు పోయిండు. నిద్రలనే పోయిండట. బాపు నిన్ను తోల్కరమ్మన్నడు" అన్నాడు. మా ఊరు హుజూరాబాద్ దాకా బస్సులో ఏడుస్తూనే ఉన్నాను. ఆయన నాకు చుట్టమూ కాదు, మా కులమూ కాదు. ఆయన లేకపోతే నేను ఇవాళ మా ఇంట్లో రాట్నం ముందు కూర్చుని మగ్గానికి నూలు కండెలు చుడుతూ ఉండేదాన్ని. ఆ పని తక్కువదని అనడం లేదు. నాకు చదువుకోవాలని ఉండేది, అంతే.

సారు నిజాం కాలంలో ఉర్దూలో చదువుకున్న మనిషి. తర్వాత బడులు తెలుగులోకి మారాయి. పాఠం ఆయనకు కొట్టిన పిండే గాని, దాన్ని చెప్పే తెలుగు మాటలు ఆయనకూ మాలాగే కొత్త. ఆకు పాఠం వచ్చినప్పుడు ముందు "జియాయి తాలీఫ్" అనేసి, నాలుక కరుచుకుని, పైకప్పు పెంకుల వైపు చూస్తూ "కిరణజన్య సంయోగక్రియ" అని ఒక్కో ముక్కా కూడబలుక్కునేవారు. మేం నవ్వితే ఆయనా నవ్వేవారు. "పేరు నోరు తిరగకుంటె ఫికర్ చెయ్యకుండ్రి. ఆకు ఏం చేస్తుందో అది చూడుండ్రి. తన పనికి గింత పెద్ద పేరున్నదని ఆకుకు కూడ తెల్వది" అనేవారు.

ప్రతి ఏడూ ఆ పాఠాన్ని ఒకే ప్రశ్నతో మొదలుపెట్టేవారట. మమ్మల్నీ అదే అడిగారు. "పొద్దున ఏం తిన్నరు?" జొన్న గట్క అని ఒకరు, సద్ది అన్నం అని ఒకరు చెప్పాం. "ఎవరు వండిన్రు?" అవ్వ అన్నాం, మా వైపు అమ్మను అలాగే పిలుస్తాం. "అవ్వ కంటె ముందుగాల ఎవరు వండిన్రు?" ఎవరికీ తెలియలేదు. అప్పుడు చెప్పారు. వేరు నీళ్లు తెస్తుంది, ఆకు గాలిలోంచి బొగ్గుపులుసు వాయువు తీసుకుంటుంది, ఆకులోని పచ్చదనం ఎండను పట్టి ఆ రెంటినీ కలిపి చక్కెర చేస్తుంది. మిగిలిన చక్కెరను గంజిపిండిగా మార్చి దాచుకుంటుంది. జొన్నలోనూ వడ్లలోనూ మనం తినేది ఆ దాచుకున్నదే. ఆ రోజు ఇంటికి పోయి సద్ది అన్నం ముందు పెట్టుకుని చాలాసేపు చూశాను. అవ్వ నాకు జ్వరమేమో అని నుదురు పట్టి చూసింది.

ఒకసారి కాలువలోంచి నాచు తెచ్చి నీళ్ల సీసాలో వేసి ఎండలో పెట్టారు. సన్నటి బుడగలు ఒకదాని వెంట ఒకటి పైకి లేచాయి. "గది ప్రాణవాయువు. మీరు పీల్చేది. దీనికి ఆకు లేదు, కొమ్మ లేదు, ఉత్త నాచు. అయినా గదే వంట చేస్తుంది" అన్నారు. మబ్బు కమ్మితే బుడగలు తగ్గేవి. మేం మబ్బును తిట్టేవాళ్లం. బడి వరండాలో ఒక రేకు డబ్బాలో మందార మొక్క ఉండేది. సారు దాని ఆకుల మీది దుమ్మును తన రుమాలుతోనే తుడిచేవారు, అదే రుమాలుతో మొహమూ తుడుచుకునేవారు. ఆయన మొహం మీది మరకలు చూసి మేం ముసిముసిగా నవ్వుకునేవాళ్లం.

నాకు ఏడో తరగతి అయిపోవస్తుండగా బాపు చదువు చాలన్నాడు. సంగతి తెలిసి సారు ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చారు. బాపు మగ్గం గుంటలోంచి లేవకుండానే అన్నాడు, "సారూ, ఆడిపిల్ల. కండెలు చుట్టుకుంట కూసుంటె నాకు జర ఆసర అయితది. గీ ఆకుల చదువు చదివి ఏం చేస్తది?"

సారు వాదించలేదు. "రేపు ఒక్కపారి బడికి రా అన్నా. ఆకుల ఏమున్నదో నీ కండ్ల ముందట చూపిస్త. చూసినంక నీ ఇష్టం" అన్నారు. బడిలో గాజు పాత్ర పగిలిపోయిందని, లేచి వెళ్తూ అవ్వను ఒక కుండ అడిగి తీసుకున్నారు. అవ్వ కడిగి ఇచ్చింది.

మర్నాడు బాపు భుజం మీద తువ్వాలతో తరగతి గుమ్మంలో నిలబడ్డాడు. మందార మొక్కను సారు ముందే చీకటి గదిలో ఉంచి, ఒక ఆకుకు అడ్డంగా నల్ల కాగితం చుట్టి ఎండలో పెట్టి ఉంచారు. ఆ ఆకు తెంపి, స్పిరిటులో వేడిచేసి పచ్చదనం పోగొట్టి, కుండలో మరిగిన నీళ్లలో ముంచి తీశారు. "అయోడిన్ టింక్చరు పోస్తె గంజి ఉన్న కాడ నల్లబడ్తది. కాగితం కింద ఎండ తగలలే, గక్కడ గంజి ఉండది, తెల్లగ ఉంటది" అని బాపుకు చెప్పి, పోశారు. ఆకంతా నల్లబడింది. కాగితం ఉన్నచోటు కూడా.

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నా చదువు ఆ పళ్లెంలోనే అయిపోయిందనుకున్నాను. కాగితం సరిగ్గా చుట్టలేదని ఒక్క మాట అంటే సారుకు పోయేదేమీ లేదు, మాకెవరికీ తెలిసేదీ కాదు. ఆయన ఆకును తిప్పి చూసి, "నేను చెప్పింది ఒకటి, అయ్యింది ఒకటి. ఏడ తప్పిననో చూద్దాం" అన్నారు. కుండలోని నీళ్లలో రెండు చుక్కలు టింక్చరు వేశారు. నీళ్లు నీలంగా మారాయి. అది అవ్వ పడుగు దారాలు గట్టిపడేందుకు పెట్టే గంజి కాచే కుండ. ఏళ్ల గంజి మట్టిలోకి ఇంకి ఉంది, పైపైన కడిగితే పోయేది కాదు; నీళ్లు మరిగేసరికి అదే దిగి ఆకుకు పట్టింది. "ఆకు అబద్ధం చెప్పలే. ఏం కుండనో అడగకుంట తెచ్చింది నేను. తప్పు నాది" అని సారు పిల్లలందరి ముందూ, బాపు ముందూ చెప్పారు.

ఇల్లు చేరాక బాపు అవ్వతో, "గంత చదువుకున్నోడు పోరగాండ్ల ముందట తప్పు నాదన్నడు. గసుంటోని దగ్గర చదివితె పిల్ల చెడిపోదు తియ్" అన్నాడు. సారు మళ్లీ ఇత్తడి చెంబుతో అదే ప్రయోగం చేసిన రోజు, ఎవరూ పిలవకపోయినా వచ్చి అదే గుమ్మంలో నిలబడ్డాడు. ఆకు మీద తెల్లటి పట్టీ కనబడితే తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు.

నేను హుజూరాబాద్ చేరేసరికి సారు దహనం అయిపోయింది. ఇంటికి వెళ్తే వీధంతా మగ్గాల చప్పుడు, మా ఇంట్లో మాత్రం లేదు. మాలో సొంత మనిషి పోతేనే మగ్గం ఆపుతారు. చీరల కోసం షావుకారు మనిషి వచ్చి అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"మైలల ఉన్నం. గీ పది దినాలు నేసుడు లేదు" అని బాపు అతనికి చెప్తున్నాడు.

"అయ్యో, మీ ఇంట్ల ఎవరు పోయిన్రు?"

"సారు పోయిండు" అన్నాడు బాపు.

నేను లోపలికి వెళ్లాను. సగం నేసిన చీర మీద కిటికీలోంచి ఎండ పడుతోంది. కండె వేసిన నాడె పడుగు దారాల మధ్యలో, బాపు చెయ్యి ఆగిన చోటే ఉంది.