తొందరపడి ఇచ్చిన కృతజ్ఞతార్పణ

కృపగల దేవునికి స్తోత్రం. అలసిన శరీరాన్ని ఆయన చులకనగా చూడడు. ఆ సంగతి నాకు తెలియడానికి నా భార్య రెండుసార్లు జబ్బు పడవలసి వచ్చింది.

జగ్గయ్యపేట పక్క పల్లెలో నేను బడి పంతుల్ని. మా పాస్టరు అయ్యగారు వేరే ఊరి సంఘానికి వెళ్ళిన ఆదివారం చర్చిలో వాక్యం చెప్పేదీ నేనే. పంతొమ్మిది వందల యాభైల చివర్లో నా భార్యకు క్షయ అని నందిగామలో డాక్టరు గారు తేల్చారు. మూడు నెలలు సూదులు, ఏడాదిన్నర బిళ్ళలు. "మధ్యలో తగ్గినట్టే ఉంటుంది. అప్పుడు మానితే మళ్ళీ వస్తుంది" అని ఇద్దరికీ చెప్పారు. నేను తల ఊపాను గానీ మనసుకు పట్టించుకోలేదు.

ఆ జబ్బు పేరు అప్పట్లో పైకి అనేవాళ్ళు కాదు. ఆమె కంచం, చెంబు వేరు చేశాం. పిల్లల్ని మా అత్తగారింటికి పంపాం. ఆమె ఏడవలేదు. ఏడిస్తే విశ్వాసం లేదనుకుంటానని భయపడిందట. పలకరించడానికి వచ్చినవాళ్ళతో "దేవుడున్నాడుగా" అని నవ్వుతూ అనేది. వాళ్ళు గడప దాటగానే గోడకు చేరగిలబడి కళ్ళు మూసుకునేది.

నాలుగో నెలకి దగ్గు ఆగింది. నేను ఆగలేకపోయాను. మేలు పొందినవాళ్ళు లేచి సాక్ష్యం చెప్పి, కృతజ్ఞతగా ఏదో ఒకటి తెచ్చి ఇవ్వడం మా సంఘంలో ఆనవాయితీ. ఈ ఆదివారమే నువ్వూ సాక్ష్యం చెప్పమని నా భార్యతో అన్నాను.

"అప్పుడేనా అండీ? బిళ్ళలు ఇంకా ఉన్నాయి కదా" అంది.

"దేవుడి మేలుకి గడువు పెడతావా?" అన్నాను.

ఆదివారం ఆమె లేచి నిలబడి, దేవుడు తనను బాగుచేశాడని చెప్పి, మా నల్లకోడిని బల్ల దగ్గర పెట్టింది. అందరూ స్తోత్రం అన్నారు. నా గొంతే పెద్దగా వినిపించింది.

ఆ వారమే బావి దగ్గర పక్కింటావిడ అందట: "ఏం వదినా, కోడేమో దేవుడికి, బిళ్ళలేమో నీకా? నయమైందన్న నోటితోనే మింగుతున్నావే!" వేళాకోళానికి అన్నమాటే. నా భార్య కూడా నవ్విందట. ఆ రోజు నుంచి బిళ్ళ మింగలేదు. నేనిచ్చినప్పుడు నోట్లో వేసుకుని, పెరట్లోకి వెళ్ళి ఉమ్మేసేది.

రెండు నెలలకి దగ్గు మళ్ళీ మొదలైంది. చలికాలం కదా అనుకున్నాను. ఎంతకీ తగ్గక డాక్టరు గారి దగ్గరికి వెళ్తుంటే, నందిగామ బస్సులో ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కిటికీ వైపు చూస్తూ చెప్పింది.

"బిళ్ళలు మానేశానండీ."

"మానేశావా? ఎందుకు?"

"సాక్ష్యం చెప్పాక ఎలా మింగను? దేవుడి ముందు అబద్ధమాడినట్టు కాదూ?"

నేను విశ్వాసం గురించి ఏదో మొదలుపెట్టబోయాను.

"ఇప్పుడు వాక్యం వద్దండీ. ధైర్యంగా ఉండి ఉండి విసుగొచ్చింది. కాసేపు ఊరికే కూచోండి."

నందిగామ వచ్చేదాకా ఊరికే కూచున్నాను. డాక్టరు గారు కోప్పడలేదు. "సూదుల దగ్గర్నుంచి మళ్ళీ మొదలెట్టాలి. ఈసారి మానితే నా చేతుల్లో ఉండదు" అన్నారు.

ఆమె మందు మింగాలంటే ఆ సాక్ష్యాన్ని ఎవరో ఒకరు వెనక్కి తీసుకోవాలి. ఆదివారం నేను లేచాను. "ఆమెకు నయం కాలేదు. చెప్పమని తొందరపెట్టింది నేను. తప్పు నాది" అన్నాను.

వెనక నుంచి ఒక ముసలాయన "మరి కోడో?" అన్నాడు.

"అది కూరైపోయింది తాతా. తిన్నవాణ్ణి నేను కదా, దేవుడికి నేను చెప్పుకుంటాలే" అన్నారు అయ్యగారు.

అందరూ నవ్వారు. నా భార్య నవ్వలేదు. అంతమందిలో కూచుని ఏడ్చింది. పక్కింటావిడ చాప మీద జరిగి ఆమె పక్కన చేరింది. "నా నోరు పడిపోను వదినా" అంది. మర్నాటి నుంచి పొద్దున్నే వచ్చి, "ముందు మింగు, తర్వాత తిడుదువుగాని నన్ను" అని ఎదురుగా కూచునేది.

రెండోసారి పట్టిన ఏడాదిన్నర చాలా నెమ్మదిగా గడిచింది. కొన్ని ఆదివారాలు ఆమె పాడేది కాదు, గోడకు ఆనుకుని ఉండేది. ఎందుకని ఎవరూ అడగలేదు. డాక్టరు గారు ఇక చాలన్న రోజు, ఇంటికి రాగానే "పడుకుంటానండీ" అంది. తలుపు దగ్గరగా వేసి బయట కూచున్నాను.

ఇది చదివే మీ సంఘంలోనూ ఎవరో ఒకరు ఇలాంటి జబ్బుతో ఉండే ఉంటారు. వాళ్ళని తలుచుకుని నాతో కలిసి అడగండి: ప్రభువా, వాళ్ళకు మందు మింగే ఓపిక ఇవ్వు. ఏడవాలనిపిస్తే ఏడవనివ్వు. వాళ్ళ పక్కన ఊరికే కూచోవడం మాకు నేర్పు. ఆమెన్.