టీవీకి వీపు తిప్పి

ఫుసాయె చేతులు ముసలివైపోయాయని మా వీధిలో మొట్టమొదట అన్నది ఫుసాయే. ఆ మాట ఇంకెవరైనా అని ఉంటే చెంప పగిలేది.

జపాన్లో, ఒసాకా శివారు యావోలో, రైలు కట్ట పక్కన ఆమెకు క్యాబేజీ అట్ల కొట్టు ఉంది. ఎదురుగా నాది టోఫు కొట్టు. ఏళ్ల తరబడి నా సాయంత్రాలన్నీ ఆమె పెనం ముందే గడిచాయి. అట్టు కాలగానే గరిటెతో పెనం అంచు మీద ఒక్కటి కొట్టి "తిను" అంటుంది. ఆ దెబ్బలో కూడా తాళం తప్పదు.

ఆగస్టులో, చనిపోయిన పెద్దలు ఇంటికొచ్చే బోన్ పండుగకు, బడి మైదానంలో మంచె కడతాం. మంచె మీద గాయకుడు, డోలు. కింద గుండ్రంగా తిరుగుతూ వీధంతా నాట్యం. ఆ డోలు ఫుసాయె తండ్రిది. ఆయన మంచాన పడ్డ ఏడు, పెళ్లయినా కాని ఈ పిల్ల పుల్లలు పట్టుకుని మంచె ఎక్కేసింది. ఆడపిల్ల ఎక్కడమేమిటని గొణిగిన పెద్దమనుషులే మొదటి దెబ్బ పడగానే అడుగు కదిపారు. ట్రాం నడిపే మొగుడు పోయిన ఏడు కూడా ఎక్కింది. "ఆయన ఇవాళ వస్తాడుగా, డోలు వినబడకపోతే దారి తప్పిపోడూ?" అంది. ఆ మాటకు నేను ఏడ్చాను. చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

కొట్టు మూలన ఆమె కూతురు వదిలేసిపోయిన వీడియో గేమ్ ఒకటి ఉండేది. పాట వస్తుంటే తెర మీద చుక్కలు దొర్లుకుంటూ వస్తాయి. చుక్క గీతను తాకగానే ప్లాస్టిక్ డోలు మీద కొట్టాలి. కొడితే టీవీలోంచి ‘దోన్’ అని మోగుతుంది. ఇందులో ఫుసాయెను ఓడించినవాడికి బీరు ఊరికే. ఆ బీరు ఎవడూ తాగిన పాపాన పోలేదు.

ఆ వేసవిలో పాత డబ్బా టీవీలకు ప్రసారాలు ఆపేశారు. వీధి సంఘం అధ్యక్షుడు తొకుజిరో చందాలెత్తి, ఫుసాయెకు కానుకగా గోడంత టీవీ తెచ్చి బిగించాడు. తొకుజిరోకు అన్నీ పెద్దవే కావాలి, అన్నీ తొందరగానే కావాలి. రైలుకు గంట ముందే స్టేషన్లో ఉంటాడు. అట్టు ఉడక్కముందే తినేస్తాడు. పాత టీవీని ఆ రోజే పాత సామాన్ల బండికి ఎక్కించేశాడు.

కొత్త టీవీలో బేస్‌బాల్ బంతి మీది కుట్లు కూడా కనబడ్డాయి. గేమ్‌లో మాత్రం ఫుసాయె తప్పడం మొదలెట్టింది. మేమంటారా, పుట్టి బుద్ధెరిగి ఒక్క చుక్కా సరిగ్గా కొట్టినవాళ్లం కాదు, మాకేం తేడా తెలుస్తుంది? చివరికి ఒకరోజు తొకుజిరో ఆమెను ఓడించాడు. ప్రతి దెబ్బా ముందే కొట్టేసే తొకుజిరో!

బీరు ఆమే పోసింది. నురగ పొంగకుండా నిదానంగా పోసి, "ఈ ఏడు నేను మంచె ఎక్కను. చేతులు ముసలివైపోయాయి," అంది.

"దానిదేముందిలే అక్కా! సీడీ పెట్టేద్దాం. నా దగ్గర రెడీగానే ఉంది," అన్నాడు తొకుజిరో.

మనిషి చెడ్డవాడు కాదు. నోటికి బ్రేకు లేదు, అంతే. అయినా పెనం ఎత్తి వాడి నెత్తిన బోర్లించాలనిపించింది నాకు.

పండుగ ఇంకో వారం ఉందనగా, ఒక వాన సాయంత్రం కొట్లో నేనొక్కణ్ణే ఉన్నాను. ఫుసాయె ఆ బొమ్మ డోలు వంక చూడడమే మానేసింది. కాస్త నవ్విద్దామని నేనే వాయించడానికి కూర్చున్నాను. ఆమె అటు తిరిగి అట్టు వేస్తోంది.

"ఆగు ఇసాము. మళ్లీ కొట్టు."

"ఏం, అంత బాగుందా?"

"ఏడిసినట్టుంది. ఒక్కటి కొట్టరా."

కొట్టాను.

"ఒక్కటి కొట్టమంటే రెండు వినబడ్డాయేం?"

"ఒక్కటే కొట్టాను. నేను తాగున్నానని వెక్కిరించకు."

"తాగింది నువ్వు కాదురా, ఆ టీవీ! నీ పుల్ల చప్పుడు ముందొస్తోంది. దాని దోన్ వెనకాల కాళ్లీడ్చుకుంటూ వస్తోంది!"

గరిటె నా చేతిలో పెట్టి తనే వచ్చి కొట్టింది. టక్. దోన్. మళ్లీ కొట్టింది. టక్. దోన్. పెనం మీద అట్టు మాడిపోతున్నా వెనక్కి తిరగలేదు. ఆ కొట్లో మాడిన అట్టు నాకు తెలిసి అదొక్కటే. అదీ నేనే తిన్నాను.

మర్నాడు కొట్టు మూసి, గేమునీ బొమ్మ డోలునీ గుడ్డలో మూటగట్టి, నన్ను వెంటేసుకుని ఒసాకాలో ఎలక్ట్రిక్ సామాన్ల వీధికి బయల్దేరింది. టీవీల షాపులో అమ్మాయి పరుగున వచ్చింది.

"గేమ్ కోసమా పెద్దమ్మా? ఇది చూడండి, రంగులు ఎంత బావున్నాయో!"

"రంగులు నాకెందుకమ్మా? వైరు తగిలించు," అంటూ ఫుసాయె టీవీల వరసకు వీపు తిప్పి కళ్లు మూసుకుంది.

"పెద్దమ్మా, టీవీ ఇటుందండీ."

"తెలుసు. కళ్లంటే ఒకవైపే ఉన్నాయి గానీ, చెవులు రెండువైపులా ఉన్నాయిగా. ఇసాము, కొట్టు."

నేను కొడుతున్నాను, ఆమె తీర్పు చెబుతోంది. "ఇది మొద్దు." "ఇది మరీ మొద్దు." "ఇదెవరో కుంటుకుంటూ వస్తున్నట్టుంది." ఆ అమ్మాయి నోరు తెరుచుకుని వింటున్నదల్లా ఒక్కసారి చేతులు చరిచింది.

"అర్థమైంది పెద్దమ్మా! ఈ టీవీలు బొమ్మను మెరుగుపెట్టడానికి కాసేపు తమ దగ్గరే ఆపుకుంటాయి. చప్పుడునీ దానికోసం ఆపుతాయి. సినిమాకైతే రెండూ కలిసే వస్తాయి కాబట్టి తెలీదు. గేమ్‌లో చుక్క చూసి కొట్టే దెబ్బ ఆలస్యమై, చేతికి దొరికిపోతుంది. ఉండండి."

మోకాళ్ల మీద కూర్చుని కింది అరలోంచి చిన్న టీవీ ఒకటి లాగింది. నిరుటి మోడల్. రిమోట్ తీసుకుని, మెరుగులన్నీ కట్టేసే గేమ్ మోడ్ అనేదేదో నొక్కింది.

కొట్టాను. ఒక్కటే వినబడింది.

ఫుసాయె కళ్లు తెరిచి ఇటు తిరిగింది. నా చేతిలోంచి పుల్లలు లాక్కుని, అన్నిటికన్నా కష్టమైన పాట పెట్టమంది. ఆ పాటలో చుక్కలు వాన పడ్డట్టు వస్తాయి. ఒక్కటి తప్పలేదు. ఒక్కటంటే ఒక్కటి! ఫ్రిజ్‌లు కొనడానికొచ్చినవాళ్లు కూడా మూగి చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్లు పులకరించింది.

చెమట తుడుచుకుంటూ, "ఇదే ఇవ్వు. ధర తగ్గించు," అంది.

"ఇప్పటికే తగ్గించామండీ!"

"ఇంత కచేరీ ఊరికే చేశాను, మీ షాపు జనంతో నిండిపోయింది. నాకు కూలి ఎవరిస్తారు?"

అమ్మాయి పకపకా నవ్వి తగ్గించింది.

తిరుగు రైల్లో టీవీ పెట్టె ఒళ్లో పెట్టుకుని ఫుసాయె దాన్ని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. తర్వాత, "నిజంగానే అయిపోయాననుకున్నాన్రా. నాన్న డోలు మీద తప్పు దెబ్బ పడుతుందేమోనని భయమేసింది," అంది. కళ్లు తుడుచుకోలేదు, చేతులు ఖాళీ లేవు.

ఆ సాయంత్రం తొకుజిరో మీసం మెలేస్తూ వచ్చి, ఆ చిన్న టీవీ ముందు కూర్చుని అన్ని చుక్కలూ తప్పాడు.

"ఈ టీవీ పాడైంది!"

"బాగైంది. దాని బద్ధకానికీ నీ తొందరకీ జోడీ కుదిరి అప్పుడు గెలిచావురా. ఆ గోడ టీవీ పట్టుకెళ్లి సంఘం గదిలో పెట్టుకో, బేస్‌బాల్‌కి బ్రహ్మాండంగా ఉంటుంది. ఆ సీడీ కూడా పట్టుకుపో," అంది ఫుసాయె.

పండుగ సాయంత్రం ఆమె మంచె ఎక్కింది. మొదటి దెబ్బకే వీధి వీధంతా ఒక్క అడుగు వేసింది. గాయకుడు గొంతెత్తేకొద్దీ డోలు జోరందుకుంది. నా మోకాళ్లు మొరాయిస్తున్నా ఆగబుద్ధి కాలేదు. నా ముందు తొకుజిరో చొక్కా తడిసి ముద్దయిపోయి, ఎగరొప్పుతూ పైకి చూసి అరిచాడు.

"అక్కా, కాస్త నెమ్మది! మా కాళ్లు ముసలివే!"

ఫుసాయె కిందికి తొంగి చూసి, ఫక్కున నవ్వి, జోరు ఇంకా పెంచింది.