మిర్యమమ్మ తోడిన నీళ్ళు

ఆమెకు రెండు పేర్లు. ఊరికి హన్మవ్వ, క్రైస్తవ సంఘం పుస్తకంలో మిర్యమమ్మ. అవ్వాబాపు పెట్టిన పేరు మీద ఆమెకు కోపమేమీ లేదు గానీ, కోరి తెచ్చుకున్న పేరు మాత్రం రెండోదే. కనుక ఇక్కడ ఆమెను మిర్యమమ్మ అనే పిలుద్దాం. బతికుండగా ఆ పేరుతో పిలిచినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. ఇప్పుడు మనమూ పిలవకపోతే మనకూ ఆ ఊరి పటేలుకూ తేడా ఏముంది?

బోధన్ నుంచి రెంజల్ పోయే దారిలో, చెరుకు తోటల నడుమ వాళ్ళ ఊరు. ఊరికి దిగువన మాదిగవాడ. ముప్పై గుడిసెలు, అందులో పన్నెండు క్రైస్తవులవి. 1956లో, ఇరవయ్యో ఏట, చంకలో ఏడాది బిడ్డతో పోయి మంజీరలో బాప్తిస్మం తీసుకుంది మిర్యమమ్మ. నడుం లోతు నీళ్ళలో నిలబడి పాస్టరయ్య, "నీ పేరేందమ్మా?" అని అడిగాడు. అడిగి, ఆమె నోరు తెరిచి చెప్పేదాకా ఆగాడు. ఒక పెద్దమనిషి తన పేరు అడగడం, జవాబు కోసం ఆగడం ఆమెకు అదే మొదలు. ఊళ్ళో ఎవరూ అడగరు. "ఏయ్" అంటే పలకాలి, అంతే.

చదువు రాదు. మగడు ఆశన్న చెరుకు బండి కింద పడి పోయాడు. కూతురు వెంకటవ్వను ఇచ్చిన అల్లుడు పనికని బొంబాయి పోయి మళ్ళీ ముఖం చూపించలేదు. కూతురూ, పాలు తాగే మనుమరాలూ ఆమె గుడిసెలోనే. చెరుకు కొట్టి ముగ్గురి కడుపులూ నింపేది. పొద్దూకి జొన్నలు ఎసట్లో పోసేముందు ఒక పిడికెడు తీసి మూల కుండలో వేసేది. ఆ పిడికెడు గింజలు ఆదివారం ప్రార్థన గదికి చేరాలి, అక్కడి నుంచి ఆ వారం పొయ్యి రాజుకోని ఇంటికి చేరాలి. అది క్రైస్తవుల ఇల్లా కాదా అన్న ప్రశ్న లేదు. సంఘంలో ఆడవాళ్ళందరి పద్ధతీ అదే. డెబ్బై రెండులో కరువొచ్చి సర్కారు ఎర్రజొన్నలు తిని బతికిన రోజుల్లో చాలామంది మానేశారు. ఎవరినీ తప్పు పట్టలేం. మిర్యమమ్మ మానలేదు. "జొన్నలు తక్కువైతే పిడికిలి చిన్నగ పడ్తున్న. దేవుడు కొలిచి తీస్కుంటడా?" అనేది.

ఆ మరుసటేడు ఎండాకాలంలోనే అసలు సంగతి జరిగింది. కాలువలో చుక్క లేదు. చెరుకు నిలువునా ఎండింది. కొట్టే పని లేదు. ఊరి బావిలో మోకాలి లోతు నీళ్ళు. ఆ బావి దగ్గర వాడ ఆడవాళ్ళు గట్టు కింద బారుగా కూచోవాలి. పెద్దింటి ఆడవాళ్ళలో ఎవరికైనా తీరికా దయా ఒకేసారి కలిగితే, పైనుంచి ఎత్తి కుండలో పోస్తారు. పోసేటప్పుడు తమ బిందె కుండకు తగలకూడదు. పదిహేడేళ్ళ కిందట మతం మారినందుకు మిర్యమమ్మను ఆ బారులోంచి ఎవరూ లేపలేదు.

అప్పుడే భోజన్న పటేలు ట్రాక్టరు కొన్నాడు. దానికో షెడ్డు కావాలట. ఊరి నిండా జాగా ఉన్న మనిషికి మిర్యమమ్మ గుడిసె ఉన్న చోటే కనపడింది. అది ఆయన పట్టా భూమి మరి. ఈస్టరు రాకముందే ఖాళీ చెయ్యమని కబురు పెట్టాడు. ఆ కబురుతో పాటే ఇంకో కబురు వచ్చింది. ఇల్లు లేని హరిజనులకు సర్కారు ఇంటి జాగాలు ఇస్తుందట, తహసీల్దారు స్వయంగా వస్తాడట.

వెంకటవ్వ ఏడ్చినంత పని చేసింది సంతోషంతో. ఆ సంతోషం రెండు రోజులుంది. మూడో రోజు ఊరి భూముల లెక్కలు రాసే పట్వారి దేవిదాస్ వాడ చివర వేపచెట్టు నీడలో నిలబడి, సంఘపెద్ద భూమన్నను పిలిపించాడు.

"మంచికి చెప్తున్న, ఇను భూమన్నా. జాగలు హరిజనులకే. కిరస్తానంల కలిసినోళ్ళు హరిజనుల కిందికి రారు, కాయిదం గట్లనే ఉన్నది. మతం కాడ హిందూ అని నేను రాస్త. అవ్వాబాపు పెట్టిన పేర్లే చెప్పుండ్రి, గా గుడి పేర్లు చెప్పకుండ్రి. సాబ్ వొచ్చి జాగలు తేలేదాంక గుడికి తాళం పెట్టు. పాటలు గీటలు బంద్."

భూమన్న చెడ్డవాడు కాదు. అదే బాధ. ఇరవై ఏళ్ళుగా ఆ మట్టిగోడల ప్రార్థన గదిని ఊడ్చి, అలికి, ఆదివారం వాక్యం చెప్పినవాడు. అతని పేరూ బాప్తిస్మంలో యోహాను. అటువంటి మనిషి పట్వారి మాట విని, తలుపు మీది చెక్క సిలువ పీకి లోపల పెట్టి, తాళం వేశాడు. అదీ ఈస్టరుకు వారం ముందొచ్చే మట్టల ఆదివారం పొద్దున. పిల్లలు ఈతమట్టలు పట్టుకుని వచ్చి, మూసిన తలుపు చూసి, ఆ మట్టలతో ఒకరినొకరు కొట్టుకుంటూ పోయారు.

మిర్యమమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేరుగా భూమన్న ఇంటికి పోయింది.

"అన్నా, దేవుణ్ణి లోపల పెట్టి తాళమేస్తివా?"

"మెల్లగ, చెల్లె. అందరు ఒప్పుకున్నరు. పదకొండిండ్లు. నీ ఒక్కదానికే అడ్డమా? దేవుడు మనసు చూస్తడు గని కాయిదం చూస్తడా?"

"మనసు చూసేటోడు నోరు గూడ ఇంటడు."

"నీ గుడిసె కూలగొడ్తరు. పసిపిల్లను యాడ పండవెడ్తవ్?"

 ఇంటికొస్తే వెంకటవ్వ కూడా అదే మాట. "అవ్వా, ఒక్క ఏలిముద్రకు ఇల్లొస్తదంటే ఏమైతది?"

ఏమవుతుంది? నిజంగానే ఏమవుతుంది? మిర్యమమ్మ ఆ పొద్దంతా తనను తాను అదే అడిగింది. అబద్ధమాడని వాళ్ళెవరు? పటేలు ఆడడా, పట్వారి ఆడడా? అయినా ఆ అబద్ధం ఆమె గొంతు దిగలేదు. కాయిదం మీద తను హిందువైతే జాగా ఇస్తారు, కాకపోతే ఇవ్వరు. ఎటు తిప్పినా బావి దగ్గర మాత్రం గట్టు కిందనే. అబద్ధం ఆడాల్సింది తనా? ఆడిస్తున్న వాళ్ళను అడిగేవాడే లేడా? ఆమెకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది.

సోమవారం తహసీల్దారు జీపులో వచ్చాడు. బావికి ఎదురుగా ఉన్న చావడిలో కుర్చీ వేశారు. పటేలు పక్కన కూచున్నాడు, దేవిదాస్ పుస్తకం తెరిచాడు. పేర్లు చదువుతుంటే ఒక్కొక్కరే వచ్చి వేలిముద్ర వేశారు. భూమన్న తల వంచుకునే వేశాడు.

"హన్మవ్వ, ఆశన్న పెండ్లాం. మతం హిందూ."

మిర్యమమ్మ ముందుకొచ్చింది. "సాబ్, నా పేరు మిర్యమమ్మ. నేను యేసుక్రీస్తును నమ్ముకున్నదాన్ని."

దేవిదాస్ ముఖం మాడిపోయింది. చూపులతోనే నరికేసేవాడు, చేతనైతే. తహసీల్దారు చెడ్డగా మాట్లాడలేదు. మర్యాదగానే, రూలు చెప్పే గొంతుతో, "అట్లయితే నీకు ఈ జాగా రాదమ్మా," అన్నాడు.

"నేను హరిజనురాలిని గాదా సాబ్?"

"కాయిదం ప్రకారం కాదు."

"మరి ఎవరి లెక్క?"

"మిగతా అందరి లెక్కనే."

"అందరి లెక్కనే?"

"అవునమ్మా." ఆయన చెమట తుడుచుకున్నాడు. ఎండ మాడుస్తోంది. "పటేల్ సాబ్, జర మంచినీళ్ళు తెప్పియ్యండి."

"నేను తెస్త సాబ్," అంది మిర్యమమ్మ.

పాస్టరయ్య భార్య చెప్పిన బైబిలు సంగతి ఒకటి ఆమెకెంతో ఇష్టం. ఎండలో నడిచొచ్చిన ప్రభువు బావి దగ్గర కూచుని, చేతినీళ్ళు ఎవరూ ముట్టని ఆడదాన్ని తాగడానికి నీళ్ళడిగాడట. ఆ సంగతి విన్నప్పుడల్లా ఆమె కళ్ళు తడిసేవి. ఈసారి తడవలేదు. గట్టు కింద పెట్టిన తన కుండ చంకనెత్తుకుని, మూడు మెట్లెక్కి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆ గట్టు మీద నిలబడింది. చాంతాడు చేతికి తీసుకుని బొక్కెన వదిలింది. గిరక కిర్రుమంది.

"ఏయ్! ఏయ్ మాదిగదానా! దిగు!" పటేలు కుర్చీ వెనక్కి పడేట్టు లేచాడు. దేవిదాస్ పుస్తకం వదిలేసి పరుగెత్తాడు. నలుగురు కట్టెలు పట్టుకొచ్చారు గానీ గట్టు కిందే ఆగిపోయారు. ముట్టుకుని లాగితే వాళ్ళకే మైల! మిర్యమమ్మ తొందరపడలేదు. బొక్కెన పైకి లాగింది, కుండలో పోసుకుంది, అప్పుడు తిరిగింది.

"సాబ్! ఇన్నరా పటేలు నన్నేమన్నడో? గదే రాయుండ్రి. మీ కాయిదం మీద నేను అందరి లెక్కనట. పటేలు నోట్లె మాదిగదాన్నట. జాగ అడిగితే కిరస్తానిని, నీళ్ళు తోడితే మాదిగదాన్ని. రెండు దిక్కుల మీరే తంతిరి. నేను ఒక్క దిక్కన్న మనిషిని గానా?"

 ఆమె కుండ తెచ్చి తహసీల్దారు ముందు దించింది. ఆయన కుండ వంక చూశాడు, పటేలు వంక చూశాడు, తర్వాత గడియారం చూసుకున్నాడు. రెంజల్‌లో ఇంకో పని ఉందని లేచి జీపెక్కాడు. ఎంత దాహమేసిందో పాపం, కానీ తాగలేదు. దుమ్ము సద్దుమణిగాక ఆమె కుండెత్తుకుని వాడకు నడిచింది.

తర్వాత ఊరి పెద్దలు చేసిన పని తలుచుకుంటే ఇవాళ్టికీ రక్తం ఉడుకుతుంది. బావి మైలపడిందట. నోరు తడుపుకోవడానికి నీళ్ళు లేని ఏడు, పటేలు ఆయిలింజను పెట్టించి ఉన్న ఆ మోకాలి లోతు నీళ్ళూ తోడించి పారబోయించాడు. అవి వాలు చూసుకుని మాదిగవాడ వైపే పారాయి. ముప్పై గుడిసెల ఆడవాళ్ళూ కుండలు, గిన్నెలు, చివరికి మూకుళ్ళు కూడా తెచ్చి పట్టుకున్నారు. పారబోసిన నీళ్ళు వద్దనడానికి ఎవరికీ నోరు రాలేదు. ఆ సాయంత్రం బావి అడుగున బురద తప్ప ఏమీ లేదు. పెద్దిండ్లలో పిల్లలు నీళ్ళకు ఏడవడం వాడ దాకా వినపడింది. మిర్యమమ్మ పళ్ళు కొరుక్కుంటూనే ఒక నిండు కుండ మోసుకుపోయి ఊరి మొదట్లో రాయి మీద పెట్టొచ్చింది.

"వాళ్ళకెందుకే?" అంది పక్కింటామె.

"వాళ్ళకు గాదు, పిల్లలకు. వాళ్ళ మీద కోపం గట్లనే ఉన్నది."

తెల్లారి చూస్తే కుండ ఖాళీ. ఎవరు తాగారో ఏ ఇంటివాళ్ళూ చెప్పుకోలేదు.

శుక్రవారం, ప్రభువును సిలువ వేసిన రోజునే, పటేలు మనుషులు గుడిసె పీకేశారు. మిర్యమమ్మ ఒక చాప, రెండు కుండలు, పిడికెడు గింజల కుండ పట్టుకుని, కూతురినీ మనుమరాలినీ తీసుకుని ప్రార్థన గది తలుపు ముందు కూచుంది. ఎండలోనే. వాడవాళ్ళు గంజి తెచ్చి ఇచ్చారు. శనివారం మధ్యాహ్నానికి పసిపిల్ల ఒళ్ళు కాలిపోతోంది. భూమన్న వచ్చి నిలబడ్డాడు.

"చెల్లె, పట్టాలు ఇంక చేతికి రాలే. తాళం తీస్తే దేవిదాస్ చూస్తడు."

"నీకు జాగ వొస్తది, నీకు ఇల్లుంటది. నాకు ఇదే ఇల్లు. నా ఇంటికి తాళమెందుకేసినవ్ అన్నా?"

భూమన్న పసిపిల్లను చూశాడు. మొలతాడుకు కట్టిన తాళంచెవి తీశాడు.  తలుపు తెరిచి వెళ్ళిపోయాడు. సిలువను మళ్ళీ తలుపు మీదికి ఎక్కించింది మిర్యమమ్మే, రాయితో మేకు కొట్టి.

ఆదివారం ఈస్టరు. పొద్దెక్కుతుంటే పదకొండు ఇళ్ళవాళ్ళూ ఒక్కొక్కరే వచ్చి దూరంగా ఆగారు. రావాలని ఉంది, భయంగానూ ఉంది. ఆ భయానికి కారణం ఎదురుగానే ఉంది. వేపచెట్టు కింద దేవిదాస్ పుస్తకం పట్టుకుని నిలబడ్డాడు.

మిర్యమమ్మ గడప మీద నిలబడింది. తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుంది.

"రాండ్రి. నా ఇంటికి ఎవ్వరొచ్చినా అద్దనను. కని గడప దాటేటప్పుడు పేరు చెప్పి రాండ్రి. చెప్పలేనోళ్ళు బైట నీడకు కూసోండ్రి, పాట ఆడిదాంక ఇనవడ్తది. నేనేమనుకోను."

 అందరికంటే ముందు భూమన్న తువ్వాలు భుజం మీంచి తీసి, గడప దాకా వచ్చాడు. ఒకసారి వేపచెట్టు వైపు చూశాడు.

"నీ పేరేందన్నా?" అంది మిర్యమమ్మ. అడిగి, ఆగింది.

"యోహాను," అన్నాడు గొంతులోనే.

"నాకు ఇనవడలే."

భూమన్న కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత వేపచెట్టు వైపు పూర్తిగా తిరిగి నిలబడి, ఊరంతా వినేట్టు అరిచి చెప్పాడు.