కనకయ్య బాబాయి మ్యూజియంలో ఖాళీ అరలు

చింతపండు, బూడిద కలిపి ఇత్తడి తోముతుంటే వచ్చే పుల్లటి వాసన కొందరికి గిట్టదు. నాకు మాత్రం ప్రాణం లేచొస్తుంది. ఈ పొద్దున మ్యూజియం వాకిట్లో కూర్చుని గంగాళం తోముతుంటే, "ఇంకింత గట్టిగ రుద్దు బిడ్డా, నీ మొఖం నీకు కనిపియ్యాలె" అని కనకయ్య బాబాయి పక్కన నిలబడి అంటున్నట్టే ఉంది. మ్యూజియం అంటే పెద్దగా ఊహించుకోకండి. టేకులపల్లి దాటి అడవిలోకి మళ్ళే దారిలో మా ఊరు. అక్కడి పాత ధాన్యం గోదాములో రెండు గదులు, అంతే.

బాబాయి మా పక్కింటాయన. ఆ అడవి రూటులోనే బస్సు కండక్టరుగా తిరిగి రిటైరయ్యాడు. ఎవరైనా పాత సామాను అమ్మేస్తామని బస్సులో అనుకుంటే చాలు, "అమ్మకుండ్రి, నాకియ్యుండ్రి, దాచిపెడత" అని అడిగి తెచ్చేవాడు. చూడటానికి బడిపిల్లలొస్తే "ముందుకు జరుగుండ్రి, లోపల మస్తు జాగా ఉంది!" అని కేకేసేవాడు. నేను అంగన్‌వాడీ పని ముగించుకుని సాయంత్రాలు అక్కడ తుడిచి, సర్దేదాన్ని. సర్దిన వస్తువు ఎవరైనా కదిపితే నాకు ఒళ్ళు మండుతుంది. ఆయనకేమో వస్తువు కదలకపోతే దిగులు. ఇచ్చినవాళ్ళు ఎప్పుడు కావాలన్నా పట్టుకుపోవచ్చు, పనయ్యాక తెచ్చిపెట్టాలి. అదొక్కటే ఆయన నియమం. అందుకే చేపల బుట్టలు వానాకాలమంతా వాగులోనే ఉండేవి.

ఒక ఏడాది ఆ గదులను ఎరువుల దుకాణానికి కిరాయికిద్దామన్న మాట పంచాయతీలో పుట్టింది. సర్పంచి వచ్చి, "కనకన్నా, జిల్లా నుంచి మేడమ్ వస్తది. ఇది మ్యూజియమే అని ఆమె అంటే ఉంటది, లేకుంటే ఖాళీ చెయ్యాలె" అన్నాడు. నేను అరలన్నీ కడిగి, సామాన్లు తళతళలాడించి పెట్టాను. సరిగ్గా ఆ ముందు రోజే గూడెం నుంచి ముత్తమ్మవ్వ ట్రాక్టరుతో దిగింది. మనుమరాలి పెళ్ళట. గంగాళం, డోళ్ళు, ఆటకు కొమ్ముల తలపాగాలు, అన్నీ కావాలట.

"ఒక్కరోజు ఆగమను బాబాయ్, గదులే పోతయ్!" అని దాదాపు ఏడ్చాను.

"ఆఫీసరు కోసం పెండ్లి ఆగుతదా బిడ్డా? జర ఆ డోలు అటు పట్టు" అన్నాడాయన.

మర్నాడు మేడమ్ సర్పంచితో కలిసి వచ్చి ఖాళీ అరలు చూసి, "సామాన్లేవి?" అన్నారు. బాబాయి చేతులు కట్టుకుని, "డ్యూటీకి పోయినయ్ మేడమ్. రాండ్రి, చూపిస్త" అన్నాడు. పెళ్ళికి పోతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు ఆఫీసరును వెంటబెట్టుకుని పోవడమేమిటని గొణుక్కుంటూ నేనూ జీపెక్కాను.

గూడెం దూరం నుంచే దద్దరిల్లుతోంది. కొమ్ముల తలపాగాలు ఊగుతున్నాయి, డోళ్ళు మోగుతున్నాయి. పొయ్యి మీది గంగాళాన్ని ముత్తమ్మవ్వ చూపించింది. "ఇది మా అత్తది. నా పెండ్లికి గిందులనే నీళ్ళు కాగినయ్, నా బిడ్డ పెండ్లికి గిందులనే. గిప్పుడు దాని బిడ్డకు."

"పగిలితే, పోతే ఎట్లా?" అని మేడమ్ బాబాయిని అడిగారు.

"వాళ్ళయే కద మేడమ్. మనం కాపలా ఉన్నం."

"మరి అరలు ఖాళీగా ఉన్నప్పుడు చూడటానికి వచ్చినవాళ్ళు?"

"వాళ్ళది అదృష్టం. భోజనం సుత దొరుకుతది!"

మేడమ్ పడిపడి నవ్వారు. ఇంకోసారి కూర వేయించుకుని తింటూ, "సర్పంచి గారూ, ఎరువుల దుకాణానికి వేరే జాగా చూడండి" అన్నారు. అంతమందిలో నేను గట్టిగా ఈల వేశాను. అంతకుముందెప్పుడూ నేను ఈల వేసి ఎరగను.

బాబాయి నిరుడు పోయాడు. దశదిన కర్మకు వంటలు వండాలని, డోళ్ళు కొట్టాలని చుట్టుపక్కల గూడేలన్నీ దిగాయి. ఆ పనులకని ఎవరి వస్తువు వాళ్ళు ఎత్తుకుపోయారు. సాయంత్రం తాళం వేయబోతే రెండు గదుల్లోనూ ఒక్క గరిటె మిగల్లేదు. ఆయన ఉన్నప్పుడు కూడా మ్యూజియం అంత ఖాళీ కాలేదు. ఆ ఖాళీ గదుల మధ్య కూర్చుని ఏడుస్తూనే నవ్వాను, ఇది చూసి ఎంత మురిసిపోయేవాడో అని.

కర్మ కాగానే అన్నీ మళ్ళీ అరల్లోకి చేరాయి. ఇప్పుడు మ్యూజియం చూసుకునేది నేనే. ఎవరైనా వచ్చి ఏదైనా అడిగితే మొదట నా ముఖం ముడుచుకుంటుంది, అబద్ధమెందుకు. తర్వాత నేనే ఓ చెయ్యి వేసి ఆటోలోకి ఎక్కిస్తాను. ఎప్పుడు తిరిగి తెస్తారని అడగను. "భోజనాలు ఎన్నింటికి?" అని మాత్రం అడుగుతాను.