కోటమ్మగారి దిష్టి, నా కొండచిలువ

1984 వానాకాలంలో, ప్రత్తిపాడుకు అవతల నల్లరేగడి నేలల మధ్య ఉన్న ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి నన్ను వేశారు. అదే నా మొదటి పోస్టింగు. ప్రభుత్వ కాగితాల్లో నా హోదా సివిల్ అసిస్టెంట్ సర్జన్. ఆ మాట చూసి ఎవరూ కంగారు పడనక్కరలేదు. అక్కడ నేను కత్తితో కోసినవి సెగ్గడ్డలు మాత్రమే. మిగతా కోతలన్నీ నోటితోనే. నా కింద ఒక ఫార్మసిస్టు, ఇద్దరు నర్సులు, ఊళ్ళు తిరిగి టీకాలు వేసే ఏ.ఎన్.ఎం.లు ఉండేవారు. మందులకు మూడు నెలలకోసారి గుంటూరుకు ఇండెంటు పంపేవాళ్ళం. ఇండెంటులో మాకు కావలసినవి రాసేవాళ్ళం; వాళ్ళ దగ్గర మిగిలినవి మాకు వచ్చేవి.

ఆ ప్రాంతపు గాలి గురించి ముందే చెప్పాలి, ఎందుకంటే ఈ కథంతా గాలి చుట్టూనే తిరుగుతుంది. అక్టోబరులో పత్తి మీద కొట్టే పురుగుమందు వాసన. తరువాత పత్తితీతల నూగు. ధనుర్మాసంలో మంచు. సంక్రాంతికి ఒకటీ అరా మొదలయ్యే మిరప కల్లాలు, అంటే కోసిన కాయ ఎండబోసే మైదానాలు, శివరాత్రి దాటితే ఊరి చుట్టూ ఎర్రబడేవి. ఆ రోజుల్లో మా ఊరికొచ్చే ఆర్టీసీ బస్సు కల్లాల దగ్గరికి రాగానే రెండుసార్లు తుమ్మి ఆగిపోయేది. ఇంజను తుమ్మడమేమిటని మీరు అనుకోవచ్చు. డ్రైవరూ అలాగే అనుకుని బానెట్ ఎత్తేవాడు. తనూ రెండు తుమ్మి దించేసేవాడు.

అలాంటి గాలిలో రమ అనే అయిదేళ్ళ పిల్లకు ఉబ్బసం. వాళ్ళది మిరప, పత్తి వేసే రైతు కుటుంబం. తండ్రి సాంబశివరావు, తల్లి విజయ, నాయనమ్మ కోటమ్మగారు. చలి మొదలైన రోజుల్లో ఒక ఉదయం విజయ పిల్లను భుజాన వేసుకుని అవుట్ పేషెంట్ క్యూ అంతా దాటుకుని లోపలికి వచ్చింది. పిల్ల పక్కటెముకలు లోపలికి పీక్కుపోతున్నాయి. స్టెతస్కోపు పెట్టనవసరం లేకుండానే ఛాతీలో పిల్లికూతలు వినిపిస్తున్నాయి. అప్పటి పద్ధతి ప్రకారం చర్మం కింద అడ్రినలిన్ సూది వేసి, నాడి చూస్తూ పక్కన కూర్చున్నాను. అరగంటకు కూతలు తగ్గాయి, పిల్ల కళ్ళు విప్పి నా వైపు చూసి, సూది వేసినందుకు కాలితో తన్నింది. వైద్యపరంగా అది మంచి లక్షణం.

ఊపిరి ఎంత బలంగా వదలగలరో కొలవడానికి పీక్ ఫ్లో మీటరని ఒకటి ఉంటుంది. దాన్ని నా ఇండెంటులో రాస్తే తూనికలు కొలతల శాఖకు పంపి ఉండేవారు. అందుకని పుస్తకాల్లో ఉన్న పాత ఉపాయమే వాడాను: ఒక్క ఊపిరిలో ఎంతవరకు ఒంట్లు చెప్పగలదో చూడటం. కానీ తన్నిన పిల్ల అడగ్గానే ఒంట్లు చెబుతుందా? నల్లమల అడవిలో నాకు ఎదురైన కొండచిలువ కథ ఎత్తుకున్నాను. అది రోడ్డుకు అడ్డంగా పడుకుంటే తోక అవతలి గట్టు మీద, తల ఇవతలి గట్టు మీద ఉందన్నాను.

"ఎన్ని బారలుంది?" అంది రమ.

"నువ్వే కొలవాలమ్మా. ఒక్క ఊపిరిలో ఎంతదాకా లెక్కపెడితే అన్ని బారలు. మధ్యలో ఊపిరి తీస్తే పాము అక్కడికి తెగిపోతుంది."

ఆ రోజు పాము నాలుగు బారలకు తెగిపోయింది. రమకు అది ఎంతమాత్రం నచ్చలేదు. ఆ తరువాత మా కేంద్రంలో రమ చీటీ మీద నేను పాము పొడవే రాసుకునేవాణ్ణి. విజయ కూడా పిల్లను తీసుకొస్తే, "నిన్న తొమ్మిది బారలు పలికిందండి, ఇవాళ పొద్దున అయిదు దాటలేదు," అని చెప్పేది. గుంటూరు పెద్ద డాక్టర్లకు కూడా ఇంత స్పష్టమైన రిపోర్టు రాదు.

ఉబ్బసమున్న పిల్లల వైద్యంలో సూది చివరి మాట. మొదటి మాట రెండు మందులు: ఆయాసం రాకుండా రోజూ ఇచ్చేది ఒకటి, వచ్చినప్పుడు పీల్చే ఇన్‌హేలర్ ఒకటి. ఇన్‌హేలర్ నొక్కిన క్షణంలోనే ఊపిరి పీల్చడం పెద్దవాళ్ళకే కుదరదు. అందుకని మెత్తటి ప్లాస్టిక్ సీసా ఒకటి తీసుకుని అడుగు కోసి, కోసిన అంచుకు ప్లాస్టరు చుట్టి, పిల్ల ముక్కూ నోరూ దానిలో ఇమిడేలా చేశాను. మూతి వైపు ఇన్‌హేలర్ బిగించి నొక్కితే మందు సీసాలో నిలుస్తుంది. పిల్ల తీరిగ్గా పీల్చుకుంటుంది. దీన్ని స్పేసర్ అంటారు. రమ దాన్ని ఏనుగు ముక్కు అంది.

కోటమ్మగారు మాత్రం దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి బల్ల మీద పెట్టేశారు. అరవై దాటిన మనిషి. ముక్కుకు రెండువైపులా బేసర్లు, గొంతు ఊరవతలికి వినిపిస్తుంది.

"పొయ్యిలో గ్యాసు కొట్టినట్టు పిల్ల నోట్లో కొట్టమంటారా, డాక్టరుగారూ? ఒకసారి అలవాటైతే జన్మలో వదలదంట గదా!"

"అన్నం కూడా అలాగే అలవాటైందండి మనకి. మానిపిద్దామా?"

"మాటలకేం, బాగానే చెబుతారు," అని ఆవిడ నవ్వకుండా లేచారు.

సాంబశివరావు నేను చెప్పినవన్నీ అక్షరాలా చేశాడు. పత్తి బస్తాలు ఇంట్లోంచి తమ్ముడి కొట్టంలోకి మార్చాడు. పడక కింద దుప్పట్లు ఎండలో దులిపించాడు. దోమలకు వేసే పిడకల పొగ మానిపించాడు. ఎండుమిర్చి తొడిమలు తీయడం పంచలోంచి కల్లానికి మారింది. పోపు పెట్టేటప్పుడు పిల్ల వీధి అరుగు మీద ఉండాలన్నది ఇంటి శాసనం అయింది.

అయినా పాము పెరగలేదు. ఒక వారమంతా పది బారలు ఉండేది. మర్నాడు మూడుకు తెగి, పిల్ల నా దగ్గరికి వచ్చేది. చిన్నగా మొదలైన ఆయాసం ఇంట్లో ఇన్‌హేలర్ పెట్టుకుని కూడా అంత ముదరడం నాకు అర్థం కాలేదు. ఒకసారి రమ వీపు మీద స్టెతస్కోపు ఆనించగానే నాకే పెద్ద తుమ్ము వచ్చింది. పిల్ల గౌను నిండా మిరప ఘాటు.

"కల్లానికి తీసుకెళ్ళారా?" అని అడిగాను.

"అటు తొంగి కూడా చూడలేదండి," అన్నాడు సాంబశివరావు. విజయ ఏదో అనబోయి, పక్కనున్న అత్తగారి వైపు చూసి తల దించుకుంది. నేను ఆయాసానికి ముందు ఏం తిన్నది, ఎక్కడ ఆడింది, ఏం పీల్చింది అన్నీ అడిగి రాసుకున్నాను. దేనిలోనూ మిరపకాయ లేదు.

ఆ లోపల కోటమ్మగారు తీర్పు చెప్పేశారు. ఈ ఊరి గాలి పిల్లకు పడదు. శివరాత్రి దాటగానే చీరాల దగ్గర మేనమామ ఇంటికి పంపెయ్యాలి. బడి కూడా అక్కడే. ఏటా పంట దినాల్లో పంపి తెచ్చుకోవడం కాదు, అక్కడే ఉంచెయ్యడం. సాంబశివరావు ఏడ్చినంత పని చేసి ఒప్పుకున్నాడు. విజయ మాత్రం ఒకరోజు మందుల కిటికీ దగ్గర నిలబడి నాతో అంది: "అక్కడికెళ్తే తగ్గుతుందని మీరు రాసిస్తే పంపుతానండి. మీరు చెప్పకుండా నా పిల్లని పంపను." నేను రాసివ్వలేదు. తగ్గదనీ చెప్పలేకపోయాను. శివరాత్రికి ఇంక పది, పన్నెండు రోజులున్నాయి.

ఆ వారంలోనే వాళ్ళ వీధిలో టీకాల పని చూడటానికి వెళ్ళాను. ఎండ తగ్గుతున్న వేళ సాంబశివరావు ఎదురొచ్చి, పిల్లకు ఇప్పుడే కాస్త ఎగపోత మొదలైందనీ, కాఫీ తాగి చూసి వెళ్ళమనీ పిలిచాడు. ఇంటికి వెళ్తే వీధి తలుపు వేసి ఉంది. తోసి లోపలికి అడుగుపెట్టగానే నా కళ్ళు, ముక్కు, గొంతు మూడూ ఒకేసారి మూతపడ్డాయి. గది మధ్యలో పీట మీద రమ. ముందు నిప్పుల కుంపటి. కోటమ్మగారు గుప్పెడు ఎండుమిరపకాయలు, ఉప్పు, ఆవాలు పిల్ల చుట్టూ తిప్పి కుంపటిలో వేస్తున్నారు. దిష్టి బయటికి పోయి మళ్ళీ లోపలికి రాకుండా కిటికీలు కూడా మూసేశారు. విజయ ఏనుగు ముక్కు పట్టుకుని మూలన నిలబడి ఉంది, అత్తగారి పని అయ్యేదాకా.

నేను పిల్లను ఎత్తుకుని పెరట్లోకి పరుగెత్తాను. వేపచెట్టు కింద స్పేసర్ పెట్టి, మందు నొక్కి, మధ్యమధ్య ఆగుతూ పీల్పించాం. కాసేపటికి పక్కటెముకల పీకుడు తగ్గింది. అప్పుడు వెనకనుంచి కోటమ్మగారి గొంతు వినిపించింది.

"చూశావట్రా సాంబా! ఇన్ని కాయలు వేశాను, పిసరంత ఘాటు వచ్చిందా? ఎంత దిష్టి తగిలిందో చూడు పిల్లకి! ఇంకో గుప్పెడు తీసుకురా."

సాంబశివరావు దగ్గుతూ రెండు చేతులూ జోడించాడు. నేను కళ్ళు తుడుచుకుని ఆవిడ వైపు చూశాను. కోటమ్మగారు నిబ్బరంగా నిలబడి ఉన్నారు. ఒక్క తుమ్మూ లేదు, దగ్గూ లేదు. ఆ ఇళ్ళలో నమ్మకం ఏమిటంటే, మిరపకాయలు కాల్చితే ఘాటు రావాలి. రాకపోతే దిష్టి గట్టిగా ఉన్నట్టు. ఆవిడ పుట్టిన దగ్గరనుంచి కల్లాల్లో మిరప తొడిమలు తీసిన మనిషి. ఆ ముక్కుకు మిరప ఘాటు తెలియడం ఎప్పుడో మానేసింది. ఘాటు తెలియదు గనక దిష్టి ఉన్నట్టు. దిష్టి ఉంది గనక ఇంకో గుప్పెడు. చిన్న ఎగపోత మా ఆసుపత్రికి చేరేసరికి ఎందుకంత పెద్దదవుతోందో నాకు అప్పుడు తెలిసింది.

నేను అక్కడ శ్వాసనాళాల గురించి ఉపన్యాసం ఇచ్చి ఉంటే రమ ఆ వారమే చీరాల బస్సెక్కేది. ముక్కు పనిచేయడం లేదని ఆవిడతో కొడుకు, కోడలి ఎదుట అనగల ధైర్యం నాకు ఇప్పటికీ లేదు. అరుగు మీద కూర్చుని కాఫీ అడిగాను. అది తాగుతూ, పల్నాడులో మా నాయనమ్మ దిష్టి తీయడంలో ఎంత పేరున్న మనిషో మొదలుపెట్టాను. ఆవిడ దిష్టి తీస్తే పాలు ఇవ్వని గేదె బిందె నింపి, ఇంకో బిందె తెమ్మని అరిచేదన్నాను.

"అయితే ఆవిడ మిరపకాయ ముట్టేది కాదండి."

"అదేం? మిరపకాయ లేకుండా దిష్టేమిటి?" అన్నారు కోటమ్మగారు.

"మిరప వేయని ఊళ్ళలో సరేనండి. మనదేమో మిరప ఇల్లు. కాయ చేలో ఉండగానే దారిన పోయే ప్రతివాడి కళ్ళూ దానిమీదేనా? కల్లంలో పోశాక ఊరంతా చూసి ఎన్ని బస్తాలవుతుందోనని లెక్కలు వేస్తుందా? ఆ కాయ దిష్టంతా మోసుకుని ఇంటికొస్తుంది. నిండిన కుండలో ఇంకేం పడుతుంది? పిల్ల దిష్టి దాంట్లోకి వెళ్ళదు, గదిలోనే తిరుగుతుంది."

విజయ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. కోటమ్మగారు వచ్చి అరుగు మీద కూర్చున్నారు.

"పల్నాడులోనూ మిరప వేస్తారుగా," అన్నారు.

"అందుకేనండి ఆవిడకి తెలిసింది."

"మరేం వాడేవారు?"

"ఉప్పు. గుప్పెడు గళ్ళుప్పు తిప్పి చెంబు నీళ్ళలో వేసి, కరిగాక చెట్టు మొదట్లో పోసేది. తలుపులూ కిటికీలూ బార్లా తీసి. మూసిన గదిలోంచి అది పోవడానికి దారేదండి? అన్నిటికంటే ముందు ఈ ఏనుగు ముక్కు పెట్టాలి. మందు లోపల పట్టుకున్నదాన్ని వదులు చేస్తుంది, ఉప్పు బయటికి లాగుతుంది. ముందు ఉప్పు తిప్పారో, రెండూ పాడు."

ఆవిడ గ్లాసు నా వైపు జరిపారు. "కాఫీ చల్లారుతోంది, తాగండి," అన్నారు.

తరువాతి ఆయాసానికి రమ ఆసుపత్రికి రాలేదు. ఇంట్లోనే మందు పీల్చి, ఉప్పు నీళ్ళు వేపచెట్టుకు పోశాక పడుకుందట. శివరాత్రి వచ్చింది, దాటింది. కల్లాలు ఎర్రబడ్డాయి. మధ్యలో రెండుసార్లు తుమ్ములూ కాస్త ఎగపోతా వచ్చాయి. పాము ఏడుకు దిగి మళ్ళీ పద్నాలుగుకు పెరిగింది. చీరాల మాట ఎవరూ ఎత్తలేదు. జూన్‌లో రమ మా ఊరి బడిలోనే చేరింది. మొదటి రోజే పలక మీద అ ఆలు రాయమంటే పాము బొమ్మ వేసి, దాని తోక మేష్టారి కుర్చీ దాకా గీసిందని ఫిర్యాదు వచ్చింది.

నా నాయనమ్మ కథ మాత్రం ఊళ్ళో ఆగలేదు. ఆ ఏడు తనిఖీకి వచ్చిన పై అధికారి రిజిస్టర్లన్నీ చూశాక మెల్లగా అడిగాడు: "ఏమయ్యా, ఇక్కడ దిష్టి తీస్తున్నావట?" సెలైన్ వైద్యమండి, అని చెప్పాను. ఆయన తనిఖీ నోట్‌లో ఏమీ రాయకుండా సంతకం పెట్టాడు.

మూడేళ్ళకు నాకు మార్టూరు వైపు బదిలీ అయింది. వెళ్ళే ముందురోజు కోటమ్మగారు రమను వెంటబెట్టుకుని వచ్చారు. రమ ఒక్క ఊపిరిలో ఇరవై ఆరు బారలు కొలిచి, ఇంకా ఉందిగానీ తోక గడ్డిలో ఉండటం వల్ల కనపడటం లేదంది. శిష్యురాలు గురువును మించిపోయింది. పిల్లను బయట ఆడుకోమని పంపి ఆవిడ కూర్చున్నారు.

"మీ నాయనమ్మగారి పేరేంటి నాయనా?"

 అన్ని అబద్ధాలు చెప్పినవాణ్ణి, ఆ నాయనమ్మకు పేరు పెట్టడం మరిచిపోయాను.

"ఉండనీలే," అన్నారు కోటమ్మగారు. "ఆ గేదె బిందె అడిగిందన్నప్పుడే తెలిసింది నాకు. అక్కడే నువ్వు మిరపకాయల వల్లే పిల్లకి ఆయాసం పెరిగిందని అనుంటే, నా కోడలి ముందు నేనేం కావాలి? నా చేత్తో నేనే మనవరాలిని ఉక్కిరిబిక్కిరి చేశానని ఒప్పుకుని బతకాలా? పంతానికైనా ఇంకో గుప్పెడు వేసేదాన్ని. నువ్వు మిరపకాయ తప్పన్నావు గానీ నా తప్పనలేదు. మానేశాను."

ఆ తరువాత పాతికేళ్ళు చాలా కేంద్రాల్లో పనిచేశాను. ఉబ్బసం పిల్లలు వచ్చినప్పుడు, ఆయాసానికి ముందు ఏం జరిగిందని అడిగాక, ఆయాసం మొదలయ్యాక ఇంట్లో ఏం చేస్తారని కూడా తప్పకుండా అడిగేవాణ్ణి. రెండో ప్రశ్నకే ఎక్కువసార్లు జవాబు దొరికేది. చేసేది మాన్పించాలంటే, చేస్తున్న మనిషి తలెత్తుకుని మానడానికి ఒక కారణం కూడా మందుతోపాటు రాసివ్వాలి. ఆ కారణం ఏ ఇండెంటులోనూ రాదు. ఎవరికి వాళ్ళు అక్కడికక్కడ తయారు చేసుకోవలసిందే.