మా అత్తగారి క-భాష

డెబ్బైలలో బెజవాడలో ఎవరైనా మనల్ని అనవసరంగా పొగిడితే బిస్కెట్ వేస్తున్నాడనేవాళ్లం. పైఅధికారి చుట్టూ తిరిగేవాడు కాకా పడుతున్నట్టు. గట్టిగా మాట్లాడేవాడిది ట్రంకాల్ గొంతు. దూరపు ఊరితో ఫోనులో మాట్లాడాలంటే నిజంగానే వీధి చివరిదాకా వినపడేలా అరవాల్సి వచ్చేది మరి. అడిగినా అడక్కపోయినా అన్నీ ఆరా తీసేవాళ్లని సీఐడీ అనేవారు. హాస్టల్లో అది నా పేరు. ఎవరు పెట్టారో తెలుసుకోవాలని చాలా ప్రయత్నించాను కూడా.

ఆ బుద్ధి మా నాన్న దగ్గర నుంచి వచ్చింది. పండక్కి బట్టలు కొనడానికి మమ్మల్ని కంకిపాడు నుంచి వన్‌టౌన్‌కి తీసుకొచ్చేవాడు. బట్టల కొట్లలో గుమాస్తాలకి వాళ్ల భాష ఒకటుండేది. అంకెలకి వేరే పేర్లు పెట్టుకుని, మన ఎదురుగానే, మనకి అర్థం కాకుండా ధర ఎంతదాకా దిగవచ్చో చెప్పుకునేవారు. అలాంటి మాట ఒక్కటి చెవినపడితే చాలు, మా నాన్న చేతిలో గుడ్డ కింద పెట్టి లేచేవాడు. ‘మన ముందు మనకి తెలీని మాట మాట్లాడారంటే అది మన గురించే’ అని బయటికొచ్చాక చెప్పేవాడు. ఎండలో కొట్టు తర్వాత కొట్టు తిరిగి చివరికి చీకటి పడే వేళకి మొదటి కొట్లోనే కొనేవాళ్లం.

హాస్టల్లో మేం ఆడపిల్లలం క-భాష నేర్చుకున్నాం. ఈ తరం పిల్లలకి దాని సంగతి తెలియదేమో. మాటలో ప్రతి అక్షరానికీ ముందు ఒక ‘క’ చేర్చాలి, అంతే. నీళ్లు అంటే ‘కనీకళ్లు’. చెప్పడం సులువే, వేగంగా మాట్లాడటమే కష్టం. బాగా అలవాటైనవాళ్లు మాట్లాడుతుంటే రేకుల మీద వడగళ్లు పడ్డట్టుండేది. వార్డెనమ్మ మీద చాడీలు, సెకండ్ షో పథకాలు అన్నీ అందులోనే నడిచేవి. అందరికన్నా వేగంగా మాట్లాడేది నేనే. పక్క గదిలో ఎవరేం అనుకుంటున్నారో అందరికన్నా ముందు తెలిసేదీ నాకే.

టీచరు ట్రైనింగు అయిన వెంటనే నాకు గుణదల సంబంధం కుదిరింది. పెళ్లికొడుకు రైల్వేలో ఫైర్‌మన్. బొగ్గు ఇంజన్ల కాలం, ఇంజన్ పొయ్యిలో బొగ్గు వేసే పని. వాళ్లు ఆర్సీయం వాళ్లు, అంటే రోమన్ కేథలిక్కులు, మేము వేరే మిషను. ఆ తేడా గురించి రెండు వైపులా కొంత గుసగుస నడిచింది కాని, మా నాన్న అడిగింది మాత్రం వేరే. పిల్ల ఉద్యోగం చేస్తుంది, మీకు సమ్మతమేనా అని పదిమందిలో అడిగాడు. పెళ్లికొడుకు తల ఊపాడు. ఊపడం కాదు, నోటితో చెప్పించమని నేను అమ్మ చెవిలో అన్నాను. అమ్మ నన్ను గిల్లింది.

అత్తవారింట్లో అడుగుపెట్టిన రోజే, నా ఎదురుగా కూర్చుని మా అత్తగారు తన కూతురితో ‘కజకడ కసకవకరకమేకమో’ అంది.

నా జడ సవరమేమోనని ఆమె అనుమానం. నా ఒంట్లో రక్తమంతా ముఖంలోకి వచ్చింది. ఆ జడ మా అమ్మ కొబ్బరినూనె పెట్టి ఏళ్ల తరబడి పెంచిన జడ. అయినా కిక్కురుమనలేదు. తల వంచుకుని కాలి మెట్టెలు చూసుకుంటూ కూర్చున్నాను. మన ముందు మనకి తెలీదనుకుని మాట్లాడేవాళ్ల దగ్గర తెలీనట్టుండటమే మేలని నాకు అప్పటికప్పుడు తోచింది.

ఇంట్లో ఉండేది ముగ్గురం ఆడవాళ్లమే. మా అత్తగారు, నేను వదిన అని పిలిచే పెళ్లి కాని మా పెద్ద ఆడబిడ్డ, నేను. మావగారు పోయి చాలాకాలమైంది. మా ఆయన ఎప్పుడు ఇంట్లో ఉంటాడో ఆయనకే తెలీదు. షెడ్డు నుంచి కాల్‌మన్ అని ఒకడు సైకిలు మీద వచ్చి డ్యూటీ పడిందని గుమ్మంలో కేకేస్తే, తింటున్న అన్నం వదిలేసి వెళ్లాల్సిందే. ‘లైను మీదున్నాడు’ అనేవారు, వెళ్లినవాడిని. మగవాళ్లకి క-భాష రాదు. అది ఆడవాళ్ల కూత అని మా ఆయన కొట్టిపారేసేవాడు.

కాబట్టి తల్లీకూతుళ్లు స్వేచ్ఛగా మాట్లాడుకునేవారు. నేను పప్పులో ఉప్పెక్కువ వేస్తానని, కొండ మీద మరియమాత దగ్గర కొవ్వొత్తి వెలిగించాను కాని మోకాళ్లు పూర్తిగా వంచలేదని, నవ్వితే చిగుళ్లు కనపడతాయని. అన్నీ వినేదాన్ని. మర్నాడు పప్పులో ఉప్పు తగ్గించేదాన్ని కాదు. తగ్గిస్తే దొరికిపోతాను కదా.

ఒక రోజు మధ్యాహ్నం వరండాలో ముగ్గురం చిక్కుడుకాయలు వొలుస్తున్నాం. అంతకుముందు వరకు మామూలుగా మాట్లాడుతున్న మా అత్తగారు హఠాత్తుగా, పెద్ద గొంతుతో, ‘కభుకజం కమీకద కబకల్లి’ అంది. భుజం మీద బల్లి. మా వదిన పకపకా నవ్వింది. నాకు బల్లి అంటే ప్రాణం పోతుంది. అయినా ఇది పరీక్ష అని తెలిసిపోయింది. పళ్లు బిగబట్టి, తల ఎత్తకుండా, చేతిలో కాయ వొలుస్తూనే ఉన్నాను. వాళ్లిద్దరూ ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకోవడం ఓరకంట గమనించాను. గెలిచాననుకున్నాను. ఆ పూటంతా నా మీద నాకే గర్వంగా ఉంది.

వేసవి సెలవుల చివర్లో ఉయ్యూరు నుంచి కబురొచ్చింది. అప్పట్లో ఊళ్ల మధ్య కబుర్లు బస్సు కండక్టర్లే మోసేవారు. ఊరగాయ జాడీలు, మందులు, పెళ్లి పిలుపులు, చావు కబుర్లు అన్నీ వాళ్ల చేతిమీదుగానే. ఉయ్యూరులో మిషను బడి పెద్ద టీచరుగారు మా హాస్టలు వార్డెనమ్మకి స్నేహితురాలు. బళ్లో ఒక ఖాళీ ఉందని, సోమవారం బడి తెరిచే వేళకి నేనే స్వయంగా వచ్చి చేరాలని, రాకపోతే వేరే అమ్మాయి సిద్ధంగా ఉందని ఆవిడ చెప్పమందట.

మా ఆయనకి చెప్పాను. చూద్దాంలే అన్నాడు. మా ఆయన చూద్దాం అన్న పని ఏదీ అప్పటిదాకా జరగలేదు. శనివారం కాల్‌మన్ వచ్చాడు, ఆయన లైను మీదకి వెళ్లాడు. వెళ్తూ గేటు దగ్గర తల్లితో చాలాసేపు మాట్లాడాడు. నాకేం వినపడలేదు. వినపడనందుకు ఒళ్లంతా మండింది. ఆ ఉద్యోగం పోతే నేను ఆ ఇంట్లో ఇక ఉప్పు ఎక్కువా తక్కువా అనే లెక్కల్లోనే ముసలిదాన్నవుతానని భయం పట్టుకుంది.

ఆదివారం గుడి నుంచి వచ్చి, భోజనాలయ్యాక, మా అత్తగారు చేటలో బియ్యం వేసుకుని రాళ్లు ఏరుతూ కూర్చుంది. నేను పక్కనే చింతపండు గింజలు తీస్తున్నాను. ఆమె మా వదినతో క-భాషలో మొదలుపెట్టింది. ఎప్పుడూ వడగళ్ల వానలా మాట్లాడే మనిషి, ఆ రోజు చిన్నపిల్లకి అక్షరాలు దిద్దించినట్టు నిదానంగా మాట్లాడింది. ఆమె అన్నది మామూలు మాటల్లో చెబుతాను.

“వాడు రేపు పొద్దున దిగుతాడు. మధ్యాహ్నం ఉయ్యూరెళ్లి, మా ఆవిడ రాదని చెప్పేసి వస్తానన్నాడు. దీనికి చెప్పొద్దన్నాడు. పొద్దున్నే ఇదే వెళ్లి చేరిపోతే వాడేం చేస్తాడు?”

 రెండు రాళ్లు ఏరి పారేసి అత్తగారే మళ్లీ అంది.

“నర్సు ట్రైనింగుకి నీకు సీటొచ్చినప్పుడు మీ నాన్న వద్దంటే, నేను నోరు మూసుకున్నాను.”

మా వదిన లేచి పెరట్లోకి వెళ్లిపోయింది. అత్తగారు బియ్యంలో రాళ్లు ఏరుతూనే ఉంది. నా చేతులు మాత్రం ఆగిపోయాయి.

నాలోని సీఐడీ ఆ సాయంత్రమంతా ఊరుకోలేదు. ఇంత నిదానంగా ఎందుకు చెప్పింది? నాకు వచ్చని తెలిసి చెప్పిందా? తెలిస్తే, ఇది నా మేలుకోరి చెప్పడమా, లేక నన్ను ఎగదోసి, మొగుడితో చెప్పకుండా ఇల్లు దాటిందని రేపు నలుగురిలో నిలబెట్టడమా? కొడుకుని కాదని కోడలి పక్షాన నిలబడే అత్తగారిని నేను ఎక్కడా చూడలేదు. పోనీ నిజంగా కూతురి బాధే బయటపెట్టుకుందా? ఎటు తిప్పినా ఒక అనుమానం తేలుతూనే ఉంది. కన్నీళ్లొచ్చాయి. అవి కోపంతో వచ్చాయో భయంతో వచ్చాయో నాకే తెలీలేదు.

పొద్దున్నే లేచి, కంకిపాడు వెళ్లి మా అమ్మని చూసొస్తానని అత్తగారితో చెప్పాను. ఎందుకనలేదు. వంటింట్లోకి వెళ్లి, అప్పటికే సర్ది ఉన్న క్యారేజీ తెచ్చి నా చేతిలో పెట్టింది. “ఎండగా ఉంటది, గొడుగు తీసుకెళ్లమ్మాయ్” అంది.

బస్సులో కంకిపాడుకే టిక్కెట్టు తీసుకున్నాను. మనసు మార్చుకోవడానికి వీలుండాలని. క్యారేజీ ఒళ్లో వేడిగా ఉంది. బెంజిసర్కిల్ దాటాక గాని నాకు తట్టలేదు. పుట్టింటికి వెళ్లే పిల్లకి అన్నం కట్టి పంపుతారా ఎవరైనా? మా అమ్మ నాకు అన్నం పెట్టదా? ఆమెకి నేను ఎక్కడికి వెళ్తున్నానో తెలుసు.

అది తట్టగానే ఆ బల్లి కూడా గుర్తొచ్చింది. ఆ రోజు వరండాలో మా అత్తగారు అంత గట్టిగా అరిచి, వదిన అంతలా నవ్వితే, భాష రానిదైతే ఏం చేస్తుంది? ఏమైందని తలెత్తి చూస్తుంది. ఎందుకు నవ్వుతున్నారని అడుగుతుంది. నేను ఒక్కదాన్నే చెవిటిదానిలా కాయలు వొలుచుకుంటూ కూర్చున్నాను. కదలకుండా కూర్చుని గెలిచానని మురిసిపోయాను. ఆ క్షణానే దొరికిపోయాను. అప్పటి నుంచి వాళ్లు నా ముందు మాట్లాడిందంతా నాకు వినిపించాలని మాట్లాడిందే. ఆ తర్వాత మళ్లీ మళ్లీ ఎత్తిన చిగుళ్ల సంగతితో సహా. బస్సులో ఒక్కదాన్నే సిగ్గుతో చచ్చిపోయాను.

అయినా ఒక ముడి మిగిలే ఉంది. నాకు తెలుసని ఆమెకి తెలుసు. సరే. కాని చెప్పింది నిజమేనా? “కంకిపాడు, కంకిపాడు” అని కండక్టరు అరిచాడు. దిగేవాళ్లు దిగారు. నేను సీటు అంచుకి జరిగి, మళ్లీ వెనక్కి కూర్చుని, ఉయ్యూరుకి ఇంకో టిక్కెట్టు ఇవ్వమన్నాను. అబద్ధమైతే మొగుడితో తగవు పడుతుంది, నిజమైతే ఉద్యోగం దక్కుతుంది అనుకున్నాను. చెరుకు తోటలు మొదలయ్యాయి. 

బడి గేటు దగ్గరే పెద్ద టీచరుగారు నిలబడి పిల్లల్ని వరసలో పెడుతున్నారు. నా పేరు చెప్పగానే కళ్లజోడు సర్దుకుని నన్ను ఎగాదిగా చూశారు.

“మీరు రారని మీవారు కండక్టరు చేత కబురు పంపారే. మధ్యాహ్నం తనే వచ్చి చెబుతానన్నారు కూడా.”

 అత్తగారి మాట అక్షరం పొల్లుపోకుండా నిజం.

“నేను వచ్చేశాను కదండీ” అన్నాను.

ఆవిడ నన్ను లోపలికి తీసుకెళ్లారు. మూడో తరగతి గది చూపించారు. మధ్యాహ్నం చెట్టు కింద క్యారేజీ విప్పితే అన్నం, గోంగూర పచ్చడి, పప్పు. పప్పులో ఉప్పు సరిగ్గా నేను వేసినంతే ఎక్కువ వేసి ఉంది. నన్ను ఏడిపించడానికి వేసిందో, నాకు అదే ఇష్టమనుకుని వేసిందో ఈ రోజుకీ చెప్పలేను.

సాయంత్రం గుణదలలో దిగి ఇంటికి నడుస్తుంటే మళ్లీ భయం మొదలైంది. మా ఆయన వరండాలో కుర్చీలో ఉన్నాడు. జుట్టు కుంకుడుకాయ వాసన కొడుతోంది. తర్వాత వదిన చెప్పింది. పొద్దున ఆయన దిగీదిగగానే అత్తగారు బొగ్గు మసి పోవాలని తల అంటి, వేడినీళ్లు పోసి, వేటమాంసం వండి కడుపునిండా పెట్టిందట. లైను మీద నుంచి వచ్చిన మనిషికి అంతకన్నా మత్తుమందు లేదు. ఉయ్యూరు బస్సు వేళంతా ఆయన గుర్రు పెట్టి నిద్రపోయాడు.

“ఎక్కడికెళ్లావు?” అన్నాడు. నా చేతి వేళ్లకి సుద్ద ఇంకా అంటుకునే ఉంది.

“బడికండీ. చేరాను.”

“ఎవర్నడిగి చేరావు?”

గట్టిగా కాదు. మెల్లగానే అన్నాడు. నాకు ఆ మెల్లదనమే ఎక్కువ భయమేసింది. ఏం చెప్పినా తప్పే. మీ అమ్మ చెప్పిందంటే ఆమె చేసిన మేలుకి కీడు తలపెట్టినట్టు. ఎవరూ చెప్పలేదంటే మొగుణ్ణి లెక్కచేయనిదాన్ని. గుమ్మంలోనే నిలబడ్డాను. వంటింటి గడప దగ్గర మా వదిన గోడకి ఆనుకుని, నన్నే చూస్తోంది.

మా అత్తగారు కాళ్లకి నీళ్లచెంబు తెచ్చి నా ముందు పెట్టింది. కొడుకు వైపు చూడలేదు. కూతురి వైపు కూడా చూడలేదు. ఆ ఇంటికి వచ్చాక మొట్టమొదటిసారి, ఆ భాషలో నేరుగా నా ముఖంలోకి చూసి మాట్లాడింది.

“కబకల్లి కపోకయింకదా?”

బల్లి పోయిందా అని.

నేను తల తిప్పి నా భుజం చూసుకున్నాను. చేత్తో పమిట ఒక్కసారి దులుపుకున్నాను. మా వదిన గోడ వైపు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుంది.

“ఏంటది? అమ్మ ఏమంది?” అన్నాడు మా ఆయన, అనుమానంగా ముగ్గురినీ మార్చి మార్చి చూస్తూ.

“ఏమోనండీ” అన్నాను చెంబు అందుకుంటూ. “మీ ఇంటి భాష నాకేం తెలుసు?”