డెబ్బైయొకటి దగ్గర ఆగిన లెక్క

మా వీధి మలుపులో ఇస్త్రీ చేసే ఆయన పొద్దున్నే బొగ్గులు రాజేస్తాడు. ఆ వాసన తగిలినప్పుడల్లా కంబదూరు దగ్గరి మా ఊళ్లో మేకల దొడ్డి వెనకున్న ఎర్రమట్టి గోడ గుర్తొస్తుంది. కాగితం కొనేది అరుదు కనుక పొయ్యిలో ఆరిన బొగ్గుతో ఆ గోడ మీదే భాగహారాలు చేసేవాణ్ణి.

కళ్యాణదుర్గం హైస్కూలు హాస్టల్లో మా బడికి ఆ ఏడాది ఒకే చోటు దొరికింది. దానికి పోటీ నేనూ, గిన్నెలకు కళాయి పూసే ఆయన కొడుకు బాషా. అయ్యవారు శనివారం ఒక సంఖ్య ఇచ్చారు: 10001. ఏ సంఖ్యతో అయినా శేషం లేకుండా పోతుందా, పోదా? సోమవారం చెప్పాలి. వంద వందలు పదివేలు కాబట్టి, అది రెండు సంఖ్యల లబ్ధమైతే అందులో చిన్నది వంద లోపే దొరకాలి. అందుకని వంద లోపు ప్రధాన సంఖ్యలను వరసగా పట్టుకుని, ఆదివారం మధ్యాహ్నానికి డెబ్బైయొకటి దాకా భాగించాను. ఒక్కటీ పోలేదు. ఇంక ఐదే మిగిలాయి.

అప్పుడు వాన పడింది. ఎన్ని నెలలకో పడిన వాన. గోడ మీది అంకెలు నా కళ్ల ముందే కారిపోతుండగా నాయన పిలిచాడు. మర్నాడు తెల్లారేసరికి విత్తే గొర్రు కట్టాలి, వేరుశనగ విత్తనం కాయలు వలవాలి. ఇంటిల్లిపాదీ చెనిక్కాయల రాశి చుట్టూ కూర్చుని, సంగటి, ఊరిమిండి పచ్చడి కూడా అక్కడే తిని, బొటనవేళ్లు మండేదాకా వలిచాం. మిగిలిన ఐదూ పోవనే అనుకున్నాను.

సాయంత్రం బాషా వచ్చి, తానూ నాలుగు కాయలు వలుస్తూ ఎంతదాకా పోయినావని అడిగాడు. చెప్పాను. నవ్వాడు.

"ఇంకొక్క మెట్టు ఎక్కింటే దొరికిండేదప్పా. డెబ్బైమూడు. నూటముప్పైయేడు సార్లు పోతాది."

"నీకు యాడ తీరిక దొరికింది?"

"మీకు చేనుండాది. మాకు తీరికుండాది."

నాయన విన్నాడు, ఇంకో దోసెడు కాయలు ముందుకు లాక్కున్నాడు.

సోమవారం విత్తనం వేసి, కాళ్లకు బురదతోనే బడికి పోయాను. అయ్యవారు ముందు నన్నే అడిగారు. బాషా తల వంచుకుని నేల చూస్తున్నాడు. డెబ్బైమూడు అనేసి ఉంటే ఆ చోటు నాదయ్యేది. డెబ్బైయొకటి దాకా చూశానని, వాన వచ్చిందని చెప్పాను.

"వానొస్తే లెక్క ఆగతాదేమప్పా?" అన్నారు అయ్యవారు. బాషా కళ్యాణదుర్గం పోయాడు.

ఆ తర్వాత నలభై రోజులు చినుకు లేదు. మొలిచిన చెట్లు మొలిచినట్టే మాడాయి. ఒకరోజు ఆ చేలో నిలబడి నాయన, "ఆ పొద్దు నిన్ను పిలవకుంటే బాగుండురా" అన్నాడు. నాయన అట్లాంటి మాట ఇంకెప్పుడూ అనలేదు. నేను ఇంకో రెండేళ్లకు హైస్కూలుకు పోయాను.

ఇప్పుడు కాయలు వలవడానికి మిషన్లున్నాయి, భాగించడానికి ఫోన్లున్నాయి. ఆ గోడా, దొడ్డీ లేవు. బాషా చనిపోయి మూడేళ్లయింది. దొరికిన జవాబు అయ్యవారికంటే ముందు నాకెందుకు చెప్పావని అతన్ని ఒక్కసారీ అడగలేదు.